చదువు తడబడు బిడ్డ



నోటితో అడిగిన ప్రశ్నకు తడుముకొనకుండ సమాధానము చెప్పి, తాతగారు చెప్పిన కథను మరునాడు ఇంటిల్లిపాదికి పొల్లుపోకుండ వినిపించి, అంగడికి పోయి చిల్లర లెక్క తప్పకుండ తెచ్చు బిడ్డ, పుస్తకము చేతికిచ్చి చదువుమనగానే తల వంచుకొని, అక్షరమక్షరమునకు ఆగుచు, సగము పదమును చదివి మిగిలిన సగమును ఊహించి పలుకుచు, చివరకు కన్నీరు పెట్టుకొనుట చాల యిండ్లలో జరుగుచున్నదే. అట్టి బిడ్డను గూర్చి ఇంటిలోనివారును బడిలోనివారును ఇచ్చు తీర్పు సాధారణముగ ఒక్కటే: మనసు పెట్టడు, బద్ధకస్థుడు, ఆటలమీదనే ధ్యాస. ఆ తీర్పును, బిడ్డ చదువును శాస్త్రీయముగ పరీక్షింపజేయునంతవరకు ఆపి యుంచుడని ప్రార్థించుటకును, ఆ పరీక్ష ఎట్లు జరుగవలెనో, విశేషించి తెలుగులిపిలో చదువు నేర్చు బిడ్డ విషయమున గమనింపవలసినదేమో వివరించుటకును ఈ ప్రసంగమును ఉద్దేశించితిని.

ఇది నిన్న మొన్న పుట్టిన సమస్య కాదు. 1896వ సంవత్సరమున ఇంగ్లండు దక్షిణ తీరమునందలి సీఫర్డు పట్టణములో వైద్యము చేయుచుండిన ప్రింగిల్ మోర్గన్ అను నాతడు పదునాలుగేండ్ల బాలుని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసమును ప్రకటించెను. ఏడేండ్ల ప్రాయమునుండియు బడిలోను, ప్రత్యేకోపాధ్యాయుల కడను చదువుకొనినను ఆ బాలునకు కొన్ని చిన్న మాటలు తప్ప అచ్చులోని మాటలేవియు పట్టుబడలేదు. తన పేరు తానే వ్రాయబోయి అక్షరములను తారుమారు చేసెను. అయినను అంకెలయందు తడబాటు లేదు, లెక్కలనిన ఇష్టము కూడ. చదువంతయు నోటిమాటగనే సాగినచో బడి మొత్తమునకు వీనిని మించిన చురుకైనవాడు ఉండడని అతని ఉపాధ్యాయుడే చెప్పినట్లు మోర్గన్ వ్రాసెను. ఆ పిమ్మట గ్లాస్గో నగరమున నేత్రవైద్యుడైన జేమ్స్ హిన్‌షెల్‌వుడ్ ఇట్టి బాలుర వృత్తాంతములను సేకరించి 1917లో గ్రంథముగ వెలువరించెను; అమెరికాలో సామ్యూల్ ఆర్టన్ 1925లో దీని మూలమును మెదడునందు వెదకుచు వ్యాసము ప్రకటించెను. చదువలేని బిడ్డను తల్లిదండ్రులు మొదట కంటివైద్యుని కడకే కొనిపోవుదురు గనుక, ఈ శాస్త్రము తొలినాళ్లలో కంటివైద్యుల చేతులలో పెరిగినది. అయినను దోషము కంటిలో లేదని ఆ వైద్యులే తెలిసికొనిరి.

మాట బిడ్డకు వినికిడివలననే అబ్బును; దానికై బడి అక్కరలేదు. చదువు అట్లు కాదు. పలుకులో ఒకదానితో నొకటి కలసి ప్రవహించు ధ్వనులను చెవితోనే విడదీసికొని, ఒక్కొక్కదానిని ఒక్కొక్క గుర్తుతో ముడిపెట్టి, ఆ ముడి ఆలోచింపనక్కరలేకయే స్ఫురించునంతవరకు అభ్యసించినగాని చదువు పట్టుబడదు. ఈ ముడి పడుటయందు కొందరు బిడ్డల మెదడు జన్మతః మందముగ నడచును. దీనినే నేడు డిస్లెక్సియా యందురు. ఇది బుద్ధిమాంద్యము కాదు. పెంపకపు లోపమును కాదు. వంశములలో సంక్రమించు స్వభావము గలది గనుక, బిడ్డను పరీక్షించువారు తండ్రిని, మేనమామను, అక్కను గూర్చి కూడ అడుగుదురు. అక్షరములను తిరుగవేసి వ్రాయుటయే దీనికి ముఖ్యమైన గుర్తని లోకమున గాఢమైన నమ్మకము గలదు. కాని ఐదారేండ్ల ప్రాయమున పిల్లలలో పెక్కురు ఏదో యొక అక్షరమును తిరుగవేయువారే. రంగు అద్దములవలనను, కంటి కసరత్తులవలనను ఇది నయమగునని చెప్పి డబ్బు పుచ్చుకొనువారును గలరు. అమెరికాలోని బాలవైద్యుల, నేత్రవైద్యుల సంఘములు 2009లో ఏకముగ ప్రకటన చేసి, అట్టి చికిత్సలకు ఆధారము లేదని స్పష్టపరచినవి. ఆ ధనమును మంచి బోధకునకై వెచ్చించిన బిడ్డకు మేలు జరుగును.

ఇక మన తెలుగు సంగతి. దీనిని గూర్చియే కొంత నిదానముగ చెప్పవలసియున్నది. ఇంగ్లీషులో వ్రాత యొకటి, పలుకు వేరొకటి యగుటచే, అచటి బిడ్డ లోపము తప్పుల రూపమున అందరికిని బయటపడును. తెలుగులో వ్రాసినది వ్రాసినట్లు పలుకుదుము. గుణింతములును, ఒత్తులును ఆలస్యముగనైనను కుదురుకొనిన తరువాత, ఈ లోపము గల బిడ్డయు పదమును సరిగనే పలుకును. కాని ప్రక్కనున్న పిల్ల ఒక్క గుక్కలో చదివిన వాక్యమును చదువుటకు వీనికి మూడింతల కాలము పట్టును. వాక్యము తుదకు చేరునప్పటికి మొదలు మరచును. చదివినదాని భావము మనసునకు ఎక్కదు. నియతమైన వర్ణక్రమము గల జర్మన్, ఇటాలియన్ భాషల బాలలయందును పరిశోధకులు ఇట్లే కనుగొనిరి. 2001లో ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములవారిపై జరిగిన మెదడు పరిశోధనలో, చదువు తడబడువారికి మూడు భాషలయందును మందముగ పనిచేయు తావు ఒక్కటేయనియు, ఇటాలియన్లు మాత్రము తక్కినవారికన్న తక్కువ తప్పులతో చదువుచుండిరనియు తేలినది. లోపము ఒక్కటే, దానిని దాచుటో బయటపెట్టుటో లిపి చేయుచున్నది. కావున తప్పులను మాత్రమే లెక్కించు పరీక్ష తెలుగు బిడ్డ యెడ చాలదు. కాలమును కూడ కొలువవలెను. మన బడులలో ఈ సంగతి గుర్తింపబడకపోవుటచేతనే ఎందరో పిల్లలు ‘చదువు వచ్చును, కాని నిదానము’ అన్న మాటతో పదవ తరగతి వరకు నెట్టుకొని వచ్చి, ప్రశ్నపత్రము చదువుటకే సమయము చాలక అక్కడ కూలబడుచున్నారు.

అయితే ఆలస్యమంతయు రోగలక్షణము కాదు. అక్షరములు యాభై ఆరని చెప్పుకొనుచున్నను, గుణింతములును ఒత్తులును చేరిన పిమ్మట బిడ్డ కంటికి ఎదురగు రూపములు వందల కొలది. మన లిపికి సోదరియైన కన్నడ లిపిని పిల్లలు నేర్చు వేగమును పరిశీలించి సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన వ్యాసమువలన, ఈ లిపులు పూర్తిగ వశమగుటకు ఇంగ్లీషు అక్షరమాలకన్న చాల హెచ్చు కాలము పట్టుననియు, ప్రాథమిక పాఠశాలలో పై తరగతులకు వచ్చువరకును ఆ అభ్యాసము సాగుచునే యుండుననియు తెలియుచున్నది. రెండవ తరగతి బిడ్డ ‘ఘ’కును ‘ఝ’కును భేదము గుర్తింపలేనంతమాత్రమున తల్లిదండ్రులు హడలిపోవలదు. అదే ఐదవ తరగతిలో ‘ప’, ‘వ’, ‘మ’, ‘ష’లు కూడ ఇంకను ఒకదానికొకటిగ కనబడుచు, ఒత్తు గల పదము రాగానే చదువు ఆగిపోవుచున్నచో ఉపేక్షింపరాదు.

లోపమును కప్పిపుచ్చునది ఇంకొకటి కలదు. అది మన వల్లెవేయు అలవాటు. ఆ అలవాటును నేను నిందించుట లేదు. ఎక్కములును పద్యములును నాలుకపై నిలచుట సంపదయే. కాని చెవి చురుకైన బిడ్డ, తరగతిలో పదిసార్లు విన్న పాఠమును మొత్తముగ కంఠస్థము చేసికొని, పుటపై వ్రేలు ఉంచి చదువుచున్నట్లే ఒప్పజెప్పగలదు. ఉపాధ్యాయుడు సంతోషించును, తల్లి సంతోషించును. బిడ్డ మాత్రము ఏ క్షణమున బయటపడుదునో యని భయపడుచునే యుండును. సోమవారము డిక్టేషన్ ఉన్నదనిన ఆదివారము రాత్రియే కడుపునొప్పి మొదలగు పిల్లలలో ఇట్టివారు తరుచు.

నాల్గవ తరగతి చదువుచున్న ఒక బాలికను పరీక్షించుచుండగ దగ్గర కూర్చుండి చూచితిని. పరీక్షించువారు మొదట, “నీకిష్టమైన పాఠం ఏదో అదే చదువమ్మా” అనిరి. పిల్ల గలగల చదివినది. గొంతు మూడవ పంక్తిలో ఉండగ వ్రేలు ఇంకను రెండవ పంక్తి నడుమనే యున్నది. వారు ఏమియు అనక, ఆ పుస్తకమును మూసి, పిల్ల ఎన్నడును చూడని మాటల పట్టికను ముందుంచిరి. ‘గది’, ‘మేక’, ‘పలక’ బాగుగనే వచ్చినవి. ‘ముగ్గు’ వద్ద ఆగి, ‘ముగు’ అని, మరల చూచి ‘ముగ్గు’ అని దిద్దుకొన్నది. ‘పర్వతం’ అనునది ‘పరవతం’ అయినది. తరువాత అర్థము లేని మాటలు: ‘బిటుగ’, ‘నొమ్మెల’, ‘కుర్తిడ’. ఇట్టివి పెట్టుటలో ఒక ప్రయోజనము గలదు. తెలిసిన మాటను బిడ్డ ఊహతో పట్టుకొనవచ్చును గాని, లేని మాటను అక్షరముల సాయముననే చదువవలెను. ‘బిటుగ’ను ‘బిగుట’ అని చదివి, పరీక్షించువారి ముఖము చూచి, మరల పెదవి కదపక ఊరకుండెను.

అప్పుడు పుస్తకములన్నియు తీసివేసి, “మామిడి అనమ్మా” అనిరి. “మామిడి.” “అందులో మి తీసేసి చెప్పు.” పిల్ల పైకప్పువైపు చాలసేపు చూచి, “మామి” అన్నది. ఆవు, బంతి, గొడుగు, చెట్టు బొమ్మలు వరుసలుగ ఉన్న అట్టను చూపి వేగముగ పేర్లు చెప్పుమనిరి. పేర్లన్నియు వచ్చును, కాని ఒక్కొక్క పేరు నోటికి వచ్చుటకు జాగు. తుదకు, ఆ పిల్ల ఎన్నడును చూడని క్రొత్త పాఠమును తాము నెమ్మదిగ చదివి వినిపించి ప్రశ్నలు అడిగిరి. ఒక్క ప్రశ్నయు తప్పలేదు. కథలో చెప్పని కారణమును కూడ ఊహించి చెప్పినది. ప్రక్కనున్న తల్లి, “దీనికి అన్నీ వచ్చండీ, చదవడం ఒక్కటే రాదు” అన్నది. పరీక్షాఫలితమంతయు ఆ మాటలోనే యున్నది. విని గ్రహించు శక్తి నిక్షేపముగ ఉండి, అక్షరమునకును ధ్వనికిని నడుమ మాత్రమే అడ్డంకి ఉన్నదని చూపుటయే గదా ఈ పరీక్షల పరమార్థము!

ఈ పరీక్షలవరకు వచ్చుటకు ముందు జరుగవలసినవి కొన్ని గలవు. చెవిని శ్రద్ధగ పరీక్షింపవలెను. తరచు చీము కారిన చెవితో రెండేండ్లు గడపిన బిడ్డకు ‘ద’, ‘ధ’ల భేదము వినబడకపోవుట వింత కాదు. కన్ను చూపించుట సరే సరి. మాటలు ఎప్పుడు వచ్చినవి, ఎన్ని బడులు మారినది, ఎన్ని మాసములు బడి మానినది, ఇంటిలో మాటలాడు భాష ఏది యని అడుగవలెను. తండాలో లంబాడీ మాటలాడి, గూడెములో కోయ మాటలాడి, తెలుగు బడికి వచ్చిన బిడ్డకు భాషయే క్రొత్త. ఆ తడబాటును లోపమని వ్రాయుట అన్యాయము. అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న, ఈ బిడ్డకు అసలు చదువు చెప్పిరా యన్నది. 2022లో జరిగిన ఏసర్ అను విద్యాస్థితి సర్వేలో గ్రామీణ భారతమున ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు నూటికి 43 మంది మాత్రమే. తక్కినవారందరికిని డిస్లెక్సియా యున్నదని ఎవరును అనరు. వారిలో పెక్కురకు కావలసినది సరియైన బోధన. అందుచేత అనుభవము గల పరీక్షకులు, కొన్ని వారములపాటు అక్షరధ్వనులను క్రమపద్ధతిలో నేర్పించి, బిడ్డ ఏమేరకు అందుకొనునో చూచి గాని తుది మాట చెప్పరు. నా అభిప్రాయమున అన్ని పరీక్షలలోను విలువైనది ఇదియే.

బుద్ధిపరీక్షను గూర్చి ఒక మాట. పూర్వము, బుద్ధిసూచికకును చదువునకును ఎంతో అంతరము కనబడిననే గాని డిస్లెక్సియా యని ఒప్పుకొనెడివారు కారు. ఆ అంతరము తేలునంతవరకు ఆగుట యనగా బిడ్డ రెండు మూడేండ్లు వరుసగ తప్పునంతవరకు ఆగుటయే. ఇప్పుడు నిపుణులలో అత్యధికులు ఆ పద్ధతిని విడిచిరి. బుద్ధిపరీక్ష ప్రయోజనము, మొత్తము మీద అన్ని విషయములలోను వెనుకబడిన బిడ్డను వేరుగ గుర్తించుటయందే. శ్రద్ధ నిలువని బిడ్డ విషయమును కూడ విడిగ చూడవలెను. శ్రద్ధాలోపమును చదువు తడబాటును ఒకే బిడ్డయందు కలసి యుండుట తరచు సంభవించును.

ఏ భాషలో పరీక్షింపవలెను? బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థవారు 1991లో రూపొందించిన పరీక్షామాల దేశమంతట వాడుకలో నున్నది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రమువారు 2015లో వెలువరించిన డాలి అను పరీక్షలు హిందీ, మరాఠీ, కన్నడము, ఇంగ్లీషులలో ఆరంభమైనవి. మన పట్టణములలో నేటికిని పెక్కు పరీక్షలు ఇంగ్లీషులోనే ముగియుచున్నవి. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. ఇంటిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మూడవదిగ హిందీ నేర్చుచున్న బిడ్డ ఇంగ్లీషు మాటను చదువలేకపోయినచో, అది చదువు లోపమో, ఆ మాటయే తెలియకపోవుటయో ఎట్లు తేలును? జపానులో పుట్టి పెరిగిన ఇంగ్లీషు మాటలాడు కుటుంబపు బాలుని గూర్చి వైడెల్, బట్టర్‌వర్త్ అను పరిశోధకులు 1999లో వ్రాసిరి. అతడు జపనీసు లిపిని తోటివారితో సమానముగ చదువును, ఇంగ్లీషులో మాత్రము తీవ్రమైన డిస్లెక్సియా. ఒక్క భాషలో పరీక్షించియుండిన ఆ బాలుని గూర్చి సగము సత్యమే తెలిసియుండెడిది. కావున ధ్వనులను విడదీయు పరీక్షలు బిడ్డ ఇంటిభాషలో, చదువు పరీక్షలు బడిలో నేర్చు ప్రతి లిపిలోను జరుపుమని తల్లిదండ్రులు నిస్సంకోచముగ అడుగవలెను. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మనవారి పిల్లలకు అచటి బడి తెలుగులో పరీక్షింపలేదు గనుక, ఇంటిలో బిడ్డ తెలుగు మాటలను ఎంత స్పష్టముగ పలుకుచున్నది, ప్రాసలను, మాటల ఆటలను ఎట్లు అందుకొనుచున్నది తల్లియే వ్రాసి ఇచ్చిన మేలు.

మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధములైన వైకల్యములలో డిస్లెక్సియాను కూడ చేర్చినది. బాలవైద్యుడును, మనోవిజ్ఞాన నిపుణుడును, ప్రత్యేక బోధకుడును కలసి పరీక్షించి ధ్రువపత్రమునకు సిఫారసు చేయుదురు. ఎనిమిదేండ్లు నిండిన గాని ఆ పత్రము రాదు. వ్రాతపరీక్షలలో గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు సమయము ఇయ్యవలెనని కేంద్రప్రభుత్వము 2018లో నిర్దేశించినది. ఖర్చునకు జంకువారు జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ యను బాలల సత్వర చికిత్సా కేంద్రమును, మండలములోని భవిత కేంద్రమునందలి సహిత విద్య ఉపాధ్యాయులను ముందుగ కలిసికొనవచ్చును. పత్రమునకు ఎనిమిదేండ్ల నియమము ఉన్నది గాని బోధనకు లేదు. ఆరేండ్ల బిడ్డ మాటలోని ధ్వనులను విడదీయలేకున్నదని తెలిసిన నాడే ఆ పని మొదలుపెట్టవచ్చును. ఎంత ముందుగ మొదలిడిన అంత ఫలము.

పరీక్ష ముగిసిన పిమ్మట చేతికి వచ్చు నివేదికను జాగ్రత్తగ చూడుడు. ‘డిస్లెక్సియా’ అను ఒక్క మాటతోను, కొన్ని అంకెలతోను ముగిసిన నివేదిక బిడ్డకు కొరగాదు. ఏ గుణింతములు, ఏ ఒత్తులు నిలచినవి, ఏవి నిలువలేదు, నిమిషమునకు ఎన్ని మాటలు చదివినది, వినికిడి గ్రహణము ఎట్లున్నది, రేపు ఉదయము బోధకుడు ఎచట ప్రారంభింపవలెను అను సంగతులు అందుండవలెను. లేనిచో వ్రాసి ఇమ్మని అడుగుటకు మీకు హక్కు గలదు. ఆ నివేదికలోని సారమును బిడ్డకును చెప్పుడు. పెద్దలు గుసగుసలాడుకొనుట చూచి, తనకేదో ఘోరమైన జబ్బు ఉన్నదని బిడ్డలు భావింతురు. “నీకు తెలివి ఉంది, అక్షరాలు కొంచెం ఆలస్యంగా పలుకుతున్నాయి, దానికి వేరే పద్ధతిలో నేర్పుతారు” అని తల్లి నోట విన్న బిడ్డకు ఎంత ఊరట కలుగునో చూచినవారికి తెలియును.

దినమునకు అరగంట చొప్పున ధ్వని, అక్షరము, ఒత్తు అను క్రమమున బోధన సాగించి, ఆరు మాసములు గడచిన తరువాత, బిడ్డ అంతకుముందు చూడని, అదే స్థాయికి చెందిన పాఠమును ఒక నిమిషము చదివించి, మొదటి నివేదికలోని సంఖ్య ప్రక్కన ఈ సంఖ్యను వ్రాయుడు. అది చెప్పుకొనదగినంత పెరుగనిచో, బిడ్డ శ్రమపడలేదని అనక, బోధించు పద్ధతిని గూర్చి నిపుణునితో మరల మాటలాడుడు.